మూడో అంతస్తులో కొత్తగా దిగినావిడ

ఇల్లు మారుతున్నది ప్యో గుమ్రాన్ కాదు. అయినా ఫిబ్రవరి నెలాఖరున, సముద్రపు గాలి చెవులు కోసేస్తున్న ఆ పొద్దున, సామాన్ల లారీ పక్కన నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అంటున్నది ఆమే. కొరియా దక్షిణపు కొసనున్న మొక్పో రేవుకి ఎగువన, కొండవాలు వీధిలో ఉన్న నాలుగంతస్తుల పాత ఇల్లది. లిఫ్టు లేదు. అందుకని లారీ మీంచి పొడవాటి నిచ్చెన మూడో అంతస్తు కిటికీ దాకా లేచింది. దాని మీద పెట్టెలు ఒక్కొక్కటే పైకి జారుకుంటూ పోతున్నాయి.

ఆ పెట్టెల్లో ఉన్నవన్నీ తాండేకావి. తాండేకా దక్షిణాఫ్రికా నుంచి వచ్చి, గుమ్రాన్ పనిచేసే ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెబుతోంది. ఆమె ఉండే పాత గదిలో గోడలకి నల్లగా బూజు పట్టి, చలికాలమంతా దగ్గు వదల్లేదు. చివరికి బడివాళ్ళు ఇంకో ఇల్లు చూడమన్నారు. చూడమన్నది గుమ్రాన్‌నే. విదేశీ టీచరు మంచిచెడ్డలు చూసే పని బడిలో ఎవరో ఒక ఇంగ్లీషు టీచరు నెత్తిన పడుతుంది. వద్దనడం చేతకాని మనిషి నెత్తిన పడుతుంది.

గుమ్రాన్‌కి వద్దనడం ఎప్పుడూ చేతకాలేదు. ఆమె పుట్టింది పడవలో తప్ప చేరలేని ఒక చిన్న దీవిలో. తండ్రి సముద్రపు నాచు ఆరబెట్టి అమ్మేవాడు. పెద్ద చదువుకని మొక్పో వచ్చి, ఎవరింట్లోనో గది తీసుకుని ఉన్నప్పుడు ఆ ఇంటి పిల్లలు ఆమె మాట్లాడే తీరుని అనుకరించి పడీ పడీ నవ్వేవాళ్ళు. ఏడాది తిరక్కుండా ఆమె నోట్లోంచి దీవి యాస పోయింది. ఎవరైనా ఊరేదని అడిగితే "మొక్పోనే" అనేది. అంతకంటే గట్టిగా అబద్ధమాడిన గుర్తు ఆమెకి లేదు. ఇప్పుడు నలభై ఏళ్ళు దాటాయి. భర్త ఓడల కార్ఖానాలో ఇంజనీరు. బడి విందుల్లో అందరి గ్లాసులూ నింపుతూ, గొడవ మొదలయ్యేట్టుంటే మాట మార్చేస్తూ, అందరి నోటా "గుమ్రాన్ టీచరు ఎంత మంచిదో" అనిపించుకుంటూ బతికింది.

తాండేకా వచ్చిన కొత్తలో ఆమెతో మాట్లాడాలంటే గుమ్రాన్‌కి చెమటలు పట్టేవి. ఇంగ్లీషు చెప్పి జీతం తీసుకునే మనిషికి ఇంగ్లీషులో నోరు పెగిలేది కాదు. తాండేకా ఏనాడూ తప్పు దిద్దలేదు, తొందరపెట్టలేదు. తలుపు దగ్గర ఆగిన మనిషిని లోపలికి రమ్మన్నట్టు, మాట వచ్చేదాకా ఊరికే చూసేది. ఆమె పుట్టినరోజున గుమ్రాన్ నాచు సూపు వండి డబ్బాలో పట్టుకెళ్ళింది. కొరియాలో పుట్టినరోజున తాగాల్సింది అదే కదా. ఆ రోజే మొదటిసారి తాండేకా వచ్చీరాని కొరియన్‌లో "అక్కా" అని పిలిచింది. ఆ రోజే గుమ్రాన్, ఎందుకో, తను దీవి పిల్లనని చెప్పేసింది.

"ఇందులో దాచేదేముంది అక్కా? మా అమ్మమ్మ ఊరికి బస్సు కూడా పోదు" అంది తాండేకా, సూపు గిన్నె అడుగు నాకుతూ.

ఇల్లు వెతకడం మొదలెట్టాక తెలిసింది, అదంత తేలిక కాదని. మొదటి ఇంటాయన అన్నిటికీ సరేనన్నాడు. చివర్లో, "విదేశీ టీచరంటే అమెరికావాళ్ళేగా?" అన్నాడు. దక్షిణాఫ్రికా అని గుమ్రాన్ చెప్పగానే ఫోన్లో ఆయన గొంతు మారింది. "అయ్యో, మర్చేపోయా. ఆ ఇంట్లోకి మా పెద్దాడు వస్తానన్నాడండీ" అన్నాడు. రెండో ఇంటావిడకి కొడుకు సాకు కూడా అక్కర్లేకపోయింది. "మా మెట్ల మీద అందరూ ఆడవాళ్ళే, భయపడతారు" అనేసింది. వచ్చేది కూడా ఆడమనిషేనని గుమ్రాన్ అనబోయింది. ఈలోగా ఫోను పెట్టేసింది ఆవిడ.

ఇవేవీ తాండేకాకి చెప్పలేదు. "ఎండ వచ్చే ఇల్లు చూస్తున్నా, అందుకే ఆలస్యం" అంది. తాండేకా నవ్వి, "ఎండ కోసమైతే ఎన్నాళ్ళైనా ఆగుతా" అంది.

మూడో ఇల్లు ఇది. యజమానురాలు బాంగ్ బామ్మ కింది అంతస్తులో ఉంటుంది. పైన అద్దెలకిచ్చి బతుకుతుంది. దళారి కొట్లో ఆవిడ గుమ్రాన్‌ని పైనుంచి కిందిదాకా చూసి, బూట్లు చూసి, చేతిసంచీ చూసి, మెత్తబడింది.

"దిగేది నువ్వేనా టీచరమ్మా?"

ఒప్పందం బడి పేరు మీద, అందరూ చూస్తున్నారు, దళారి ముద్ర వెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు. గుమ్రాన్ తల వంచింది. అది నమస్కారమో, అవునో, ఆమెకే తెలియనంత కొంచెంగా వంచింది.

"హమ్మయ్య" అంది బామ్మ. "టీచరంటే ఇంక చూసుకోనక్కర్లా. ఇదివరకున్నవాడు తాగొచ్చి మెట్ల మీదే పడుకునేవాడు, వెధవ."

తర్వాత చెబుదామనుకుంది గుమ్రాన్. ఒకసారి దిగాక, మనిషి మంచితనం చూశాక, వాళ్ళే సర్దుకుంటారనుకుంది. అప్పటిదాకా తాండేకాని ఎవరి కంటా పడనివ్వకుండా ఉంటే చాలు. అందుకే, శిక్షణ తరగతికని తాండేకా పక్క ఊరు వెళ్ళే రోజే లారీని మాట్లాడింది.

తాండేకా మాత్రం ఆ ముందు వారమంతా కొత్తింటి ముచ్చట్లే. "మన పిల్లలు చెప్పారక్కా. అన్నం కుక్కర్ అన్నిటికంటే ముందు పట్టుకెళ్ళాలట కదా? అది నేనే పట్టుకెళ్తా. ఇంకా, ఇరుగుపొరుగు తలుపులు తట్టి సిరుతొక్ పంచాలట కదా?"

సిరుతొక్ అంటే బియ్యప్పిండిలో ఎర్ర చిక్కుడుగింజలు వరసలు వరసలుగా పరిచి ఆవిరి మీద ఉడికించే పిండివంట. ఇంట్లో దిగినవాళ్ళు దాన్ని వేడివేడిగా చుట్టుపక్కలవాళ్ళకి పంచుతారు. పంచినవాళ్ళ మొహం చూసి, ఫలానా ఇంట్లోకి ఫలానావాళ్ళొచ్చారని అందరూ గుర్తు పెట్టుకుంటారు.

"అవన్నీ పాత అలవాట్లు. ఇప్పుడెవరూ పంచడం లేదు. తలుపు కొడితే విసుక్కుంటారు" అంది గుమ్రాన్.

"అయ్యో" అంది తాండేకా. "మా వైపు తినడానికేమైనా పట్టుకుని తలుపు కొడితే ఎవరూ విసుక్కోరే." అంతకంటే అడగలేదు. అక్క చెప్పింది కదా మరి. శిక్షణ రోజు తప్ప లారీ దొరకలేదంటే, కుక్కర్ మాట వదులుకుని అదీ నమ్మింది.

లారీ దగ్గర మొదటి చిక్కు కుక్కర్‌తోనే వచ్చింది. సామాన్లు మోసే ఆయన దాన్ని బట్టలో చుట్టి తెచ్చి గుమ్రాన్ చేతిలో పెట్టబోయాడు.

"ఇది ఇల్లాలి చేతుల మీదే వెళ్ళాలండీ అమ్మగారూ. తమరు లోపల పెట్టేస్తే మేం మిగతావి దించుకుంటాం."

"మీరే పట్టుకెళ్ళండి, పర్లేదు."

"అమ్మో, మా ఆవిడ చంపేస్తుంది. మీ ఇంట్లో అన్నానికి కరువొస్తే ఆ పాపం నాకెందుకు?"

పక్కనున్న వాళ్ళు నవ్వారు. గుమ్రాన్ కుక్కర్ అందుకుంది. మూడంతస్తులూ ఎక్కి, ఖాళీ వంటింట్లో, ఇంకా బల్ల కూడా రాని చోట, నేల మీద పెట్టింది. తనది కాని ఇంట్లో తను మొట్టమొదట అడుగుపెట్టింది. కిటికీలోంచి నిజంగానే ఎండ వస్తోంది. ఆ ఒక్క మాటా అబద్ధం కాలేదు.

కిందికి దిగేసరికి బాంగ్ బామ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిచ్చెన కేసి చూస్తోంది.

"టీచరమ్మా, ఈ మోతకి రెండో అంతస్తు తాత ఇప్పటికి రెండుసార్లు కిటికీ తీసి తొంగిచూశాడు. సిరుతొక్ చెప్పావా లేదా?"

"అదీ... ఇప్పుడెవరూ పంచడం లేదనీ..."

"ఎవరన్నారా మాట? పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో మానేశారేమో. ఇక్కడ ఒకే మెట్ల మీద ఎక్కి దిగేవాళ్ళం. సందు చివర పిండిమిల్లు ఉంది, నా పేరు చెప్పు, అరగంటలో ఆవిరి మీంచి దించి ఇస్తాడు. వెళ్ళు, వెళ్ళు."

వద్దనడం చేతకాని మనిషి వెళ్ళింది. వేడి సిరుతొక్ పళ్ళెమంత పలకగా కాగితంలో చుట్టి ఇచ్చాడు మిల్లు అతను. పంచడానికి పళ్ళేలు కావాలి. గుమ్రాన్ వంటింటి పెట్టె విప్పి చేతికందినవి తీసింది. ఆకుపచ్చ అంచు ఉన్న తెల్లటి ఎనామిల్ పళ్ళేలు. తాండేకా ఊరినుంచి తెచ్చుకున్నవి. ఒకటి రెండు చోట్ల అంచు రాలి నల్లటి ఇనుము కనిపిస్తోంది. ఆ పళ్ళేల్లో తను కూడా ఎన్నోసార్లు తింది.

పైన నాలుగో అంతస్తులో ఎవరూ లేరు. బామ్మకి కిందే ఇచ్చేసింది. రెండో అంతస్తులో ముసలాయన, సర్కారు ఉద్యోగం చేసి రిటైరైనట్టున్నాడు, పళ్ళేన్ని రెండు చేతులా అందుకుని "పైకి వచ్చింది మీరేనా? సంతోషం" అన్నాడు. గుమ్రాన్ వంగి నమస్కరించింది. మళ్ళీ మూడో అంతస్తుకి వచ్చి కొట్టిన ఎదురింటి తలుపు తీసినావిడ వెనకాల ఒక చిన్నపిల్ల కాలు పట్టుకుని వేలాడుతోంది.

"మా హన్‌గ్యోల్ బళ్ళో చేరాలి వచ్చే ఏడు. ఎదురింట్లోనే టీచరుంటే ఇంకేం కావాలి!" అందావిడ పళ్ళెం వాసన చూస్తూ. "మిమ్మల్ని ఏమని పిలవాలి? టీచరు గారూ అంటే మరీ దూరంగా ఉంటుందేమో. అక్కా అననా?"

"అనండి" అంది గుమ్రాన్. ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక ఆమెకి ఒక్కసారిగా మొహం వేడెక్కింది. మెట్ల మీద అద్దమున్నట్టయితే అటు చూసేది కాదు.

సాయంత్రం తాండేకా బస్సు దిగి కొండవాలు ఎక్కుతూ వచ్చింది. గుమ్రాన్ వీధి మొదట్లోనే కాచుకుని ఉండి, చేతిలో సంచీ లాక్కుని, గబగబా మెట్లెక్కించింది. ఎవరూ ఎదురుపడలేదు. తలుపు వేసుకున్నాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

తాండేకా కోటైనా విప్పకుండా గదులన్నీ తిరిగింది. రెండే గదులు, అయినా రెండుసార్లు తిరిగింది. గోడకి అరచెయ్యి ఆనించి చూసింది. పొడిగా ఉంది.

"అక్కా, దగ్గు లేకుండా నిద్రపోతా ఇక్కడ" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినట్టున్నాయి, తల తిప్పేసుకుంది. "కుక్కర్ ముందు ఎవరు తెచ్చారు?"

"లారీవాళ్ళు" అంది గుమ్రాన్.

"పోనీలే. అన్నం ముందు నేను వండుతా."

ఇల్లు మారిన రోజు ఎవరూ వండరని, నల్లసాసు నూడుల్సు తెప్పించుకుంటారని గుమ్రాన్ చెప్పింది. గిన్నెలు వచ్చాయి. విప్పని పెట్టె మీద పాత పేపరు పరిచి, ఇద్దరూ నేల మీద కూర్చుని తినసాగారు. తాండేకా మూతికి నల్లసాసు అంటింది. గుమ్రాన్ చూపిస్తే తుడుచుకుని, ఇంకో పక్క అంటించుకుంది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో గుమ్రాన్‌కి, ఇదంతా ఇలాగే గడిచిపోతుందేమోనన్న ఆశ కలిగింది.

అప్పుడే గంట మోగింది.

గుమ్రాన్ లేచేలోపు తాండేకా లేచింది. అది ఆమె ఇల్లు. ఆమె తలుపు తీసింది.

గుమ్మంలో హన్‌గ్యోల్ వాళ్ళమ్మ. చేతిలో పళ్ళెం. అందులో ఉల్లికాడల అట్లు, పొగలు కక్కుతూ. పుచ్చుకున్న పళ్ళేన్ని ఖాళీగా తిరిగివ్వడం ఎవరికీ నచ్చదు కదా. ఆవిడ నవ్వు సగంలో ఆగింది. తాండేకా మొహంలోకి చూసి, ఇంటి నంబరు చూసి, తాండేకా భుజం మీదుగా లోపలికి చూసి, గుమ్రాన్ కనబడగానే తేరుకుంది.

"ఉన్నారా అక్కా! ఇల్లు తప్పానేమోననుకున్నా. చుట్టాలొచ్చారా?"

తాండేకా కూడా వెనక్కి తిరిగింది. ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు. చెప్పాల్సింది ఒక చిన్న మాట. ఈవిడ ఇల్లే ఇది, నేనే చుట్టాన్ని. అంతే. గుమ్రాన్ నోట్లో నూడుల్సు ఇంకా మింగలేదు. ఆవిడ పొద్దున అన్న అక్కా, పళ్ళెం పట్టుకున్న ఆ చేతులూ, "మీరేగా దిగింది" అని రేపు అందరూ అనబోయే మాటా, అన్నీ ఒక్కసారే అడ్డుపడ్డాయి.

"ఆఁ... మా బడి టీచరు" అంది. "సాయానికి వచ్చింది."

రెండేళ్ళలో తాండేకాకి కొరియన్ బాగానే వచ్చింది. ఆ సంగతి గుమ్రాన్ కంటే ఎక్కువ తెలిసినవాళ్ళెవరూ లేరు.

తాండేకా రెండు చేతులా పళ్ళెం అందుకుని, వంగి నమస్కరించి, "చాలా థాంక్సండీ, మంచి వాసన" అంది. "అబ్బో, ఎంత బాగా మాట్లాడుతుందో!" అని హన్‌గ్యోల్ వాళ్ళమ్మ గుమ్రాన్‌తోనే అని, మళ్ళీ వస్తానంటూ వెళ్ళిపోయింది.

తలుపు మూసుకుంది. తాండేకా పళ్ళెం కేసి చూస్తూ నిలబడింది. వేలితో ఒక అట్టుని పక్కకి జరిపి, అడుగున అంచు రాలిన చోటు చూసింది.

"ఇది నా పళ్ళెం."

గుమ్రాన్ తన గిన్నెని పక్కకి జరిపింది.

"ఇందులో ఏం పెట్టి ఇచ్చావు?"

"సిరుతొక్."

"ఎవరూ పంచరన్నావు."

"బామ్మ పట్టుబట్టింది. నువ్వు లేవు... పంచాల్సొచ్చింది."

"నా పేరు చెప్పి పంచావా?"

గుమ్రాన్ తల వంచింది. దళారి కొట్లో వంచినట్టే వంచింది. ఈసారి అది నమస్కారంలా కనబడే వీలు లేదు.

తాండేకా పళ్ళేన్ని పెట్టె మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే గుమ్రాన్‌కి తేలికయ్యేది. కోపం చల్లార్చడం ఆమెకి తెలిసిన విద్య.

"ముందు రెండిళ్ళవాళ్ళు కాదన్నారని నాకు తెలుసక్కా. బడి ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను. నువ్వు చెప్పలేదని కూడా బాధపడలేదు. నా మనసు కష్టపడుతుందని దాచావనుకున్నా."

"నిజంగా అందుకే."

"అది అప్పుడు. ఇందాక దాచింది నా కోసమా?"

బయట ఎవరిదో టీవీ మోగుతోంది. నూడుల్సు చల్లారి ముద్దలు కట్టాయి. గుమ్రాన్‌కి ఏదో చెప్పాలని ఉంది. ఇల్లు దొరకాలనే, నీ దగ్గు తగ్గాలనే, ఎండ రావాలనే. ఇవన్నీ నిజాలే. కానీ ఆ నిజాలన్నీ కలిపినా ఆ గుమ్మంలో తను ఆడిన మాటని కప్పడానికి సరిపోవని ఆమెకే తెలుసు.

మళ్ళీ గంట. ఈసారి తలుపు అవతల నుంచే మాట వినిపించింది. "టీచరమ్మా! మోకాళ్ళు అరిగిపోయాయి మూడంతస్తులెక్కి. త్వరగా తియ్యి!"

తాండేకా లేచింది. గుమ్రాన్ కూడా లేచి, "నేను తీస్తా" అంది.

"నా ఇంటి తలుపు" అంది తాండేకా, మెల్లగా. తీసింది.

బాంగ్ బామ్మ చేతిలో పళ్ళెం, అందులో కారం దట్టించి ఊరబెట్టిన ఆవాకు కిమ్చీ. కళ్ళజోడు పైకి జరుపుకుని, తాండేకాని అలాగే చూస్తూ నిలబడింది. తాండేకా నడుము దాకా వంగి నమస్కరించింది.

"బామ్మా, నమస్కారం. ఈ ఇంట్లో దిగింది నేనండీ. నా పేరు తాండేకా. పొద్దున ఊళ్ళో లేను, అందుకే మీకు కనబడలేదు. ఇక నుంచి మీ దయ."

ఒక్కో మాటా తప్పు పోకుండా, పిల్లలకి పాఠం చెప్పినంత విడమరిచి చెప్పింది. బామ్మ గుమ్రాన్ వైపు తిరిగింది.

"మరి నువ్వు?"

"నేను..." గుమ్రాన్ ఒక్క అడుగు ముందుకి వేసింది. "నేను ఇక్కడ ఉండనండీ. మా ఇల్లు అటు, స్టేషను వెనకాల. ఈ ఇల్లు ఈవిడకోసమే తీసుకున్నాం. అప్పుడే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది" అంది బామ్మ. లోపలికి వచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే గోడకి ఆనుకుని కూర్చుంది. కిమ్చీ పళ్ళెం ఒళ్ళోనే ఉంది. "నేను నీ మొహం చూసి ఇచ్చాను ఇల్లు. ముసల్దాన్నని ఆడించావన్నమాట."

"తప్పైపోయిందండీ. చెబితే మీరు కాదంటారేమోనని..."

"అనేదాన్నా?"

గుమ్రాన్ తలెత్తింది. బామ్మ నిజంగానే అడుగుతోంది.

"ఏమో, అనేదాన్నేమో" అంది బామ్మే మళ్ళీ. "అవునంటానో కాదంటానో నాకైతే తెలీదు. నువ్వు అడిగితేగా తెలిసేది! అడక్కుండానే నన్ను చెడ్డదాన్ని చేసేశావు. ఈ పిల్లని దొంగని చేశావు. నువ్వొక్కదానివే మంచిదానివైపోయావు. ఏం చదువమ్మా మీది?"

తాండేకా వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి బామ్మ ముందు పెట్టింది. బామ్మ తాగి, మూతి తుడుచుకుని, ఆమెని తేరిపార చూసింది.

"ఆవాకు కిమ్చీ తింటావా? కారంగా ఉంటుంది."

"మా ఊళ్ళో కారం చూస్తే మీరు ఏడుస్తారు బామ్మా."

"ఓహో! అంత పొగరా?" బామ్మ ఒక ఆకుని చేత్తోనే తుంచి ఆమె నోటికి అందించింది. తాండేకా నమిలింది. కళ్ళల్లో నీళ్ళు చిమ్మాయి, ముక్కు కారింది. బామ్మ తొడ మీద చరుచుకుంటూ నవ్వింది. "ఇప్పుడెవరు ఏడుస్తున్నారు?" అప్పటికి కూడా బామ్మ ఈ ఇంట్లో ఉండమని గాని, వద్దని గాని అనలేదు. "రేపు పొద్దున కిందికి రా. చెత్త ఏ సంచీలో వెయ్యాలో చూపిస్తా. పోయినవాడు అన్నీ కలిపి పారేసేవాడు, వెధవ" అంది. 

గుమ్రాన్ గోడ పక్కన నిలబడే ఉంది. వాళ్ళ నవ్వులో కలవడానికి ఆమెకి చోటు లేదు. వెళ్ళిపోవడానికీ వీలు చిక్కలేదు. విందుల్లో అయితే ఇలాంటప్పుడు ఎవరి గ్లాసైనా నింపేది. ఇక్కడ గ్లాసు కూడా ఆమెది కాదు.

బామ్మ మోకాళ్ళు తిట్టుకుంటూ దిగిపోయాక, గుమ్రాన్ కోటు తొడుక్కుంది.

"రేపు నేనూ వస్తా. ఇద్దరం కలిసి అందరిళ్ళకీ వెళ్దాం. నేనే చెబుతా, నిన్ను పరిచయం చేస్తా."

తాండేకా నూడుల్సు గిన్నెలు బయట పెట్టడానికి దొంతి పేరుస్తోంది. తలెత్తకుండానే అంది.

"వద్దండీ. నేను వెళ్తాను. నా మొహం నేను చూపించుకుంటే చాలు." గిన్నెల మీద పేపరు కప్పింది. "ఇవాళ చాలా శ్రమపడ్డారు. మీరు ఇంటికి వెళ్ళండి, ప్యో టీచరు గారూ."

బడిలో పిల్లల ముందు, ప్రిన్సిపాల్ ముందు తాండేకా అలాగే పిలిచేది. ఇద్దరే ఉన్న గదిలో పిలవడం సూపు డబ్బా రోజు తర్వాత ఇదే మొదలు. ఆ పిలుపులో తప్పు లేదు, ఎత్తిపొడుపు లేదు. ఎవరికి ఇవ్వాల్సిన మర్యాద వాళ్ళకి ఇచ్చేసి చెయ్యి దులుపుకున్నట్టుంది. గుమ్రాన్ గుమ్మంలో బూట్లు వేసుకుంటుంటే లేసులు ఎంతకీ ముడిపడలేదు.

మెట్ల దీపం తనంతట తానే వెలిగింది. గుమ్రాన్ ఎదురింటి తలుపు ముందు ఆగింది. లోపల హన్‌గ్యోల్ దేనికో ఏడుస్తోంది, వాళ్ళమ్మ బుజ్జగిస్తోంది. గంట మీద వేలు పెట్టి, నొక్కింది. ఆవిడ తలుపు తీసి "అక్కా, అట్లు ఎలా ఉన్నాయి?" అంది నవ్వుతూ.

"ఆ ఇంట్లో ఉండేది నేను కాదండీ" అంది గుమ్రాన్. "ఇందాక తలుపు తీసిందే, ఆవిడ. సాయానికి వచ్చింది నేను. పొద్దున, ఇందాక, రెండుసార్లూ అబద్ధం చెప్పాను."

ఆవిడ నవ్వు ఏం చెయ్యాలో తెలీక మొహం మీదే ఉండిపోయింది. "ఓ... అలాగా" అంది. "నేనేమో ఆవిడ ఎదురుగానే, చుట్టాలా అని..." అని నోరు నొక్కుకుంది. ఇప్పుడు ఆవిడ మొహం కూడా ఎర్రబడింది. తను చేసిన పనికి ఇంకొకరు సిగ్గుపడుతుంటే చూడటం ఎలా ఉంటుందో గుమ్రాన్‌కి అప్పుడు తెలిసింది. ఆ తలుపు మెల్లగా, మర్యాదగా మూసుకుంది.

రెండో అంతస్తు దాకా దిగింది. ఇంకొక్క మలుపు తిరిగితే వీధి. చలిగాలి అప్పుడే కాళ్ళకి తగులుతోంది. ముసలాయన ఇంటి ముందు పళ్ళెం ఉంది, కడిగి, అందులో నారింజపళ్ళు పేర్చి, పైకి తీసుకెళ్ళడానికి సిద్ధంగా చెప్పుల బల్ల మీద పెట్టి. గుమ్రాన్ గంట నొక్కింది.

"ఓ, పైయింటి టీచరమ్మా!" అన్నాడాయన. "నేనే వద్దామనుకుంటున్నా. మెట్లెక్కడానికి కొంచెం బద్ధకించి..."

"పైయింట్లో దిగింది నేను కాదండీ. మా బడిలో ఇంకో టీచరు, తాండేకా అని, ఆవిడ. ఈ పళ్ళెం ఆవిడదే. పొద్దున నేనేనని మీరనుకుంటే ఊరుకున్నాను."

ఆయనకి కాస్త చెవుడు ఉన్నట్టుంది. మళ్ళీ చెప్పించుకున్నాడు. గుమ్రాన్ మళ్ళీ, ఇంకా గట్టిగా చెప్పింది. మెట్లన్నీ విన్నాయి. పైన ఎక్కడో గొళ్ళెం చప్పుడైంది.

"అలాగా" అన్నాడాయన. కోపం లేదు, వెటకారం లేదు. నిజంగా అర్థం కాని మనిషిలా నుదురు ముడిచి అడిగాడు. "మరి ఎందుకమ్మా అలా చేశావు?"

గుమ్రాన్ నోరు తెరిచింది. ఆయన తలుపు పట్టుకుని, తొందరేమీ లేనట్టు, ఒకప్పుడు తాండేకా ఆగినట్టే, ఆమె చెప్పేదాకా నిలబడ్డాడు.